ఇంట్లో సైనిక చరిత్ర లైబ్రరీ: ఎంపిక నుంచి పట్టిక దాకా

"మిలటరీ పుస్తకాలు బోలెడు పోగయ్యాయి, వీటిని ఎలా సర్దాలి?" అని దక్షిణ ఒడిశాలోని బరంపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి మన తెలుగువాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నాను.

ఇప్పటికే యాభైకి మించి పుస్తకాలున్నవాళ్లు మొదటి మెట్టు చదివి నేరుగా ఐదో మెట్టుకి వెళ్లండి. పట్టిక పూర్తయ్యేవరకు కొత్తది కొనొద్దు. బీరువాలో ఏముందో తెలియకుండా బజారుకి వెళ్తే ఇంట్లో ఉన్న పుస్తకమే మళ్లీ ఇంటికి వస్తుంది.

1. ముందు హద్దు గీసుకోండి

"సైనిక చరిత్ర" అంటే అంతు లేదు. అలెగ్జాండర్ నుంచి కార్గిల్ దాకా అన్నీ కొంటే ఏదీ లోతుగా ఉండదు. ఒక ప్రధాన విషయం, రెండు పక్క విషయాలు ఎంచుకుని కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అతికించండి. కొత్త పుస్తకం ఆ మూడింటిలో దేనికీ చెందకపోతే ఎంత చవకైనా వదిలేయండి.

మన వైపు వాళ్లకి నేను సూచించే హద్దులు ఇవి:

- గజపతులు, విజయనగరం: 1513 తర్వాత కృష్ణదేవరాయల ఉదయగిరి ముట్టడి నుంచి పొట్నూరు విజయస్తంభం దాకా సాగిన కళింగ దండయాత్ర.
- ఉత్తర సర్కారుల (పాత కోస్తా జిల్లాల) యుద్ధాలు: 1757 బొబ్బిలి, 1758 చందుర్తి, 1794 పద్మనాభం.
- తూర్పు తీరం, రెండో ప్రపంచ యుద్ధం: 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు, బర్మా రంగం.
- 1947 తర్వాత మన యుద్ధాలు. ఇవి ఎక్కువమంది ఎంచుకునేవి, పుస్తకాలూ తేలిగ్గా దొరుకుతాయి.

వీటిలో చందుర్తి, పద్మనాభం లాంటివి ఎంచుకున్నవాళ్లకి ఓపిక కావాలి. విడి పుస్తకాలు తక్కువ, పెద్ద గ్రంథాల్లో నాలుగైదు పేజీలుగా దాక్కుని ఉంటాయి. పట్టిక బాగా అక్కరకొచ్చేది కూడా ఇలాంటి వాళ్లకే.

2. ఒక్కో యుద్ధానికి ఏమేం ఉండాలి

ఒకే యుద్ధం మీద పది పుస్తకాలున్నా, పదీ ఒకే పక్షం వాళ్లు రాసినవైతే మీ దగ్గర ఒక పుస్తకం ఉన్నట్టే. ఒక్కో యుద్ధానికి ఈ ఐదు రకాలు చూసుకోండి:

- [ ] ప్రభుత్వ అధికారిక చరిత్ర
- [ ] అందులో పోరాడినవాళ్ల జ్ఞాపకాలు
- [ ] రెజిమెంట్ లేదా దళం చరిత్ర
- [ ] అవతలి పక్షం పుస్తకం, కనీసం ఒకటి
- [ ] మంచి మ్యాపులున్న పుస్తకం లేదా అట్లాస్

1962 చైనా యుద్ధం తీసుకోండి. ఆ ఓటమి మీద సైన్యం జరిపిన విచారణ, హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం ఇప్పటికీ అధికారికంగా బయటపెట్టలేదు, 2014లో కొంత భాగం మాత్రం ఆన్‌లైన్లో బయటికొచ్చింది. ఆ లోటులో అధికారుల స్వీయకథలే ఎక్కువ చెలామణీ అయ్యాయి. ఈశాన్య సరిహద్దులో దళాలకి నాయకత్వం వహించిన లెఫ్టినెంట్ జనరల్ కౌల్ రాసినది, చైనాకి యుద్ధఖైదీగా చిక్కిన బ్రిగేడియర్ దల్వీ రాసినది పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఎవరు ఎవరి మీద నెపం వేస్తున్నారో తెలియదు. ఒక్కటే చదివి బడ్డీకొట్టు దగ్గర వాదనకి దిగేవాళ్లని చూస్తూనే ఉన్నాం.

1971 యుద్ధంలో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ సంగతీ అంతే. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్ల అని మన నౌకాదళం చెబుతుంది, లోపల జరిగిన పేలుడో, ఘాజీ తనే వేసిన మైనో (నీటి మందుపాతరో) అని అవతలివాళ్లు చెబుతారు. రెండూ మీ అలమరలో ఉండాలి.

3. ఎక్కడ వెతకాలి, ఏ పేరుతో వెతకాలి

గంజాం, కోరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. అందుకే పర్లాకిమిడి గురించో గుణుపురం గురించో పాత సంగతులు కావాలంటే "ఒడిశా చరిత్ర" అని వెతికితే సగమే దొరుకుతాయి. పర్లాకిమిడి, బరంపురాలకు పాత గంజాం జిల్లా పేరుతో, జయపురం, రాయగడ, గుణుపురాలకు పాత విశాఖపట్నం జిల్లా పేరుతో, దళాల కోసం మద్రాసు ఆర్మీ పేరుతో వెతకండి. మద్రాసు, బెంగాల్, బొంబాయి ప్రెసిడెన్సీల సైన్యాలు 1895 దాకా విడివిడిగానే ఉండేవి. కల్నల్ విల్సన్ 1880లలో రాసిన మద్రాసు సైన్య చరిత్ర సంపుటాలు ఈ ప్రాంతం మీద పనిచేసేవాళ్లకి మొదటి మెట్టు.

ఇంకో చిక్కు, పేర్లది. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో మన బరంపురం, బెంగాల్ బరంపురం దాదాపు ఒకే స్పెల్లింగుతో ఉంటాయి. 1857 ఫిబ్రవరిలో 19వ బెంగాల్ పదాతిదళం తిరగబడింది బెంగాల్ ఊళ్లో, మన ఊళ్లో కాదు. అలాగే మన జయపురం, రాజస్థాన్ జైపూర్ కూడా. పాత పుస్తకాల అమ్మకందారులు శీర్షిక చూసి పెట్టే వర్ణనని నమ్మి డబ్బు పంపకండి, విషయసూచిక ఫొటో అడగండి.

కొనే చోట్లు:

- హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాలు, విజయవాడ అలంకార్ సెంటర్ పాత పుస్తకాల షాపులు, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం.
- కోల్‌కతా కాలేజ్ స్ట్రీట్. బరంపురం నుంచి హౌరాకి నేరుగా రైలుంది, బ్రిటిష్ కాలం పుస్తకాలకి దక్షిణం వైపు కంటే అక్కడే అవకాశం ఎక్కువ.
- ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచిత స్కాన్లు. మన దేశంలో రచయిత చనిపోయిన 60 ఏళ్ల తర్వాత కాపీరైట్ తీరిపోతుంది కాబట్టి పంతొమ్మిదో శతాబ్దం పుస్తకాలకి బెంగ అక్కర్లేదు.
- రిటైరైన మిలటరీవాళ్ల ఇళ్లు. ఇవి చాలామందికి తట్టవు. "బాబాయ్, మీ రెజిమెంట్ పత్రికలు, స్మారక సంచికలు ఏమైనా ఉన్నాయా, చూసి ఇచ్చేస్తాను" అని అడగండి, అమ్ముతారా అని మాత్రం మొదటిరోజే అడగొద్దు.

ఒక జాగ్రత్త. గంజాం తీరంలోని గోపాలపురం దగ్గర ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, ఏ కంటోన్మెంట్ చుట్టుపక్కలైనా పాత పేపర్ల కొట్లలోకి అప్పుడప్పుడు శిక్షణ పుస్తకాలు వచ్చే వీలుంది. "రెస్ట్రిక్టెడ్", "కాన్ఫిడెన్షియల్" అని ముద్ర ఉన్నది ఎంత పాతదైనా ముట్టుకోకండి. అది అధికార రహస్యాల చట్టం కిందకి వచ్చే వ్యవహారం, సరదా కోసం తెచ్చుకునే టెన్షన్ కాదు.

4. కొనే ముందు పుస్తకాన్ని ఎలా చూడాలి

నవల కొన్నట్టు అట్ట, ధర చూసి కొనేస్తే ఇక్కడ దెబ్బతింటారు. సైనిక చరిత్రలో ప్రాణం మ్యాపుల్లో ఉంటుంది, మొదట ఊడిపోయేవీ అవే.

- [ ] మొదట్లో ఉండే మ్యాపుల జాబితా తీసి, ఒక్కోటీ లోపల ఉందో లేదో పేజీ తిప్పి చూడండి.
- [ ] వెనక అట్టకి జేబు ఉంటే అందులో మడత మ్యాపు ఉందా?
- [ ] ఫొటో పేజీలు అన్నీ ఉన్నాయా, ఒకదానికొకటి అతుక్కున్నాయా?
- [ ] వెనక ఇండెక్స్ ఉందా? లేకపోతే ఆ పుస్తకం మీ పట్టికలో రెట్టింపు పని పెడుతుంది.
- [ ] టైటిల్ పేజీ వెనక మొదటి ముద్రణ ఏడాది, ఈ ముద్రణ ఏడాది రెండూ చూడండి.
- [ ] కుట్టు దగ్గర సన్నటి పొడి రాలుతోందా? లోపల పురుగు ఇంకా బతికి ఉండొచ్చు.

రీప్రింట్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి ఆర్డర్ వచ్చినప్పుడు ప్రింట్ చేసి పంపే కాపీల్లో మడత మ్యాపుని విప్పకుండానే స్కాన్ చేసేస్తారు, దాంతో మీకు మ్యాపులో ఒక మూల, దాని మీద మడత గీత మాత్రమే దక్కుతాయి. అక్షరాల వరకు పర్వాలేదు అనుకుంటే కొనండి, తర్వాత ఆర్కైవ్‌లో ఇంకో స్కాన్ నుంచి మ్యాపు ఏ-3 కాగితం మీద ప్రింట్ తీయించి కవర్లో పెట్టుకోవచ్చు.

5. పట్టిక: వరుస తప్పకుండా చేయండి

చాలామంది పుస్తకాలు అలమరలో అందంగా సర్దాక పట్టిక మొదలుపెడతారు. సర్దుడు మారిన ప్రతిసారీ పట్టిక తప్పు అవుతుంది. కాబట్టి ముందు నంబరు, తర్వాత పట్టిక, ఆ తర్వాతే సర్దుడు.

(అ) *అన్నీ నేల మీదకి దించండి.* దుప్పటి పరిచి, ఒక్కో పుస్తకాన్ని మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. తడిగుడ్డ వద్దు.

(ఆ) *ప్రవేశ సంఖ్య వేయండి.* 1 నుంచి మొదలుపెట్టి, చేతికొచ్చిన వరుసలో. విషయం, సైజు, భాష ఏదీ పట్టించుకోకండి. టైటిల్ పేజీ వెనక, ఇంకా మీరు ఎంచుకున్న ఒక లోపలి పేజీలో (అన్ని పుస్తకాల్లోనూ అదే పేజీ) పెన్సిల్‌తో రాయండి. పెన్ను, రబ్బరు స్టాంపు, సెల్లోటేపు వద్దు. టేపు కొన్నేళ్లకి పసుపు జిగురు మరక వదిలి కాగితాన్ని తినేస్తుంది. పుస్తకం పోయినా, ఇచ్చేసినా ఆ సంఖ్య మళ్లీ వాడొద్దు.

(ఇ) *షీట్ తెరవండి.* గూగుల్ షీట్స్ చాలు. కోహా లాంటి పెద్ద లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఇంటి లైబ్రరీకి అనవసరం. కాలమ్స్ ఇవి పెట్టుకోండి:

- ప్రవేశ సంఖ్య, అలమర కోడ్ (ఇది ఆరో మెట్టులో చెప్తాను)
- శీర్షిక (పుస్తకం ఏ లిపిలో ఉంటే ఆ లిపిలో), శీర్షిక (ఇంట్లో అందరూ చదవగల లిపిలో)
- రచయిత పేరు, హోదా (విడి కాలమ్)
- ప్రచురణకర్త, మొదటి ముద్రణ ఏడాది, ఈ కాపీ ఏడాది, ఐఎస్‌బిఎన్ (ఒక్కో పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య)
- యుద్ధం, చోట్లు, దళాలు
- రకం (అధికారిక, జ్ఞాపకాలు, రెజిమెంట్, పరిశోధన, పాపులర్), ఎవరి పక్షం
- మ్యాపులు: ఎన్ని ఉండాలి, ఎన్ని ఉన్నాయి
- స్థితి, ధర, ఎక్కడ కొన్నది, ఎవరి దగ్గర ఉంది

రెండో శీర్షిక ఎందుకంటే, మన ఇళ్లలో పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు గానీ బడిలో ఒడియానో ఇంగ్లీషో చదువుకుని తెలుగు లిపి దగ్గర ఆగిపోతారు. మీరు ఊళ్లో లేనప్పుడు ఫోన్ చేసి "నాన్నా, ఆ మూడో వరసలో బొబ్బిలి పుస్తకం ఫొటో పంపు" అంటే వాడు వెతకగలగాలి కదా.

హోదాకి విడి కాలమ్ పెట్టకపోతే "లెఫ్టినెంట్ జనరల్"లు అందరూ ల దగ్గర, "మేజర్"లు అందరూ మ దగ్గర గుంపుగా చేరి, రచయిత పేరు వరుస పనికిరాకుండా పోతుంది. సైనిక చరిత్రకే ప్రత్యేకమైన తలనొప్పి ఇది.

ఐఎస్‌బిఎన్ కాలమ్‌ని ముందే "టెక్స్ట్" ఫార్మాట్‌కి మార్చండి. లేకపోతే 13 అంకెల సంఖ్యని షీట్ కుదించి చూపించొచ్చు, సున్నాతో మొదలయ్యే పాత 10 అంకెల సంఖ్యలో ఆ సున్నాని మింగేస్తుంది. 2007 జనవరి నుంచి 13 అంకెలే. మన దేశపు పుస్తకాలైతే సాధారణంగా 978-81 లేదా 978-93తో మొదలవుతాయి. 1970కి ముందు పుస్తకాలకి అసలు ఉండదు, ఖాళీ వదిలేయండి.

(ఈ) *పేర్లకి ఒక పేజీ పెట్టండి.* అదే ఫైల్లో రెండో షీట్. ఒక్కో చోటుకి మీరు వాడే రూపం ఒకటి, దాని ఎదురుగా పాత పుస్తకాల్లో కనిపించే రూపాలన్నీ. "బరంపురం (గంజాం)", "బరంపురం (బెంగాల్)", "జయపురం (కోరాపుట్)", "జైపూర్ (రాజస్థాన్)" అని బ్రాకెట్లో జిల్లా లేదా రాష్ట్రం తప్పనిసరిగా రాయండి. దళాలకీ ఇదే పని. భారత సైన్యంలో 1903లో, మళ్లీ 1922లో రెజిమెంట్ల నంబర్లు, పేర్లు పెద్దఎత్తున మారాయి కాబట్టి మొదటి ప్రపంచ యుద్ధం పుస్తకంలోని దళం రెండో యుద్ధం పుస్తకంలో ఇంకో పేరుతో ఉంటుంది. రెండూ ఒకటేనని మీ షీటుకి చెప్పాల్సింది మీరే.

మొత్తం పనిలో విసుగు పుట్టించేది ఈ మెట్టే, చాలామంది వదిలేసేదీ ఇదే. దీన్ని వదిలేస్తే మిగిలేది కొన్న సామాన్ల జాబితా, అంతే.

(ఉ) *చిన్న ప్రస్తావనలు కూడా ఎక్కించండి.* పెద్ద గ్రంథంలో చందుర్తి గురించి కొద్ది పేజీలే ఉన్నా "చోట్లు" కాలమ్‌లో పేజీ నంబర్లతో రాయండి. చదివేటప్పుడే రాసుకుంటే పది నిమిషాలు, తర్వాత వెతకాలంటే ఒక ఆదివారం.

సెట్ల విషయం. రెండో ప్రపంచ యుద్ధంపై బిశేశ్వర్ ప్రసాద్ సంపాదకత్వంలో వచ్చిన అధికారిక చరిత్రలో ఒక్కో సంపుటానికీ ఒక్కో శీర్షిక ఉంటుంది. ఒక్కో సంపుటానికి విడి ప్రవేశ సంఖ్య ఇచ్చి, "సెట్" అని ఒక కాలమ్ కలిపి అన్నిటికీ ఒకే పేరు రాయండి. లేని సంపుటాలు అప్పుడే తెలుస్తాయి.

6. అలమర కోడ్, అమరిక

పెద్ద లైబ్రరీల్లో పుస్తకాలకి విషయం ప్రకారం అంకెలు ఇచ్చే డ్యూయీ పద్ధతిలో సైనిక శాస్త్రం 355 దగ్గర, నౌకాదళం 359 దగ్గర, రెండో ప్రపంచ యుద్ధం 940.53, 940.54 దగ్గర, భారత చరిత్ర 954 దగ్గర ఉంటాయి. అంటే మీ లైబ్రరీ ముక్కలైపోతుంది. ఇంటికి నేను చెప్పేది కాలం ప్రకారం ఒక అంకె:

- 0: అట్లాసులు, నిఘంటువులు
- 1: 1757కి ముందు
- 2: 1757 నుంచి 1857
- 3: 1858 నుంచి 1913
- 4: మొదటి ప్రపంచ యుద్ధం
- 5: రెండో ప్రపంచ యుద్ధం
- 6: 1947 తర్వాత మన యుద్ధాలు
- 7: ఇతర దేశాల యుద్ధాలు
- 8: రెజిమెంట్, నౌకా, వైమానిక దళ చరిత్రలు
- 9: ఆయుధాలు, వ్యూహం

దాని పక్కన యుద్ధం మొదలైన ఏడాది, తర్వాత వరుస సంఖ్య. 6-1971-04 అంటే 1971 మీద నాలుగో పుస్తకం. బొబ్బిలి కథ లాంటి జానపద గాథల్ని సాహిత్యం వైపు నెట్టకుండా 2-1757లోనే పెట్టి, రకం కాలమ్‌లో "కథాగానం" అని రాయండి.

కోడ్ చీటీని వెన్ను మీద అతికించకండి. చిన్న కాగితపు పట్టీ మీద రాసి బుక్‌మార్క్‌లా పైకి కనిపించేలా పెట్టండి. పెద్ద సైజు అట్లాసులు పడుకోబెట్టాలి, నిలబెడితే బరువుకి కుట్టు ఊడిపోతుంది.

7. తేమ, చెదలు, తుపాను

తీరం వైపు ఇళ్లలో తేమే ప్రధాన శత్రువు. గాలిలో తేమ 65 శాతం దాటి అక్కడే నిలిస్తే బూజుకి పండగ. చిన్న డిజిటల్ తేమ మీటర్ ఒకటి కొని బీరువాలో పెట్టండి.

- [ ] బీరువాని గోడకి ఆనించొద్దు, బెత్తెడు ఖాళీ ఉంచండి. కింది అర నేలకి కనీసం ఆరంగుళాల పైన.
- [ ] పుస్తకాలు చెయ్యి దూరనంత బిగుతుగా కుక్కొద్దు.
- [ ] కలరా ఉండలు పుస్తకాలకి తగలకుండా గుడ్డమూటలో, అరకి ఒక మూల. పిల్లలుంటే అసలే వద్దు. ఎండిన వేపాకు పెడితే తరచూ మార్చండి, పాతబడిన ఆకు తానే పురుగుకి ఇల్లవుతుంది.
- [ ] జనవరి, ఫిబ్రవరి పొడి రోజుల్లో నీడలో, గాలి తగిలేలా ఆరబెట్టండి. ఎర్రటి ఎండలో పెట్టొద్దు.
- [ ] పురుగున్న పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి, గట్టిగా మూసి, ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక సంచి విప్పకుండా ఒక రోజంతా బయట ఉంచి, ఆ తర్వాత విప్పండి.

అక్టోబర్ అంటే మనకి తెలుసు. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి, రెండూ అక్టోబరు రెండో వారంలోనే. హెచ్చరిక రాగానే పై అర (కప్పు కారుతుంది), కింది అర (నీళ్లు వస్తాయి) రెండూ ఖాళీ చేసి మూతలున్న ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చండి. ఏవి ముందు కాపాడాలో పట్టికలో "మొదటి వరుస" అని ముందే గుర్తు పెట్టుకోండి. కరెంటు, నెట్ రోజుల తరబడి పోతాయి కాబట్టి పట్టిక ప్రింట్ ఒకటి పాలిథిన్ కవర్లో ఉండాలి.

తడిసిన పుస్తకాల్లో నున్నటి ఫొటో పేజీలున్నవి ముందు చూడండి. ఆ కాగితం ఆరితే పేజీలన్నీ కలిసి అట్టలా గట్టిపడుతుంది, ఇక విడదీయలేం. తడిగా ఉండగానే పేజీల మధ్య మైనపు కాగితం పెట్టి ఫ్యాను కింద నిలబెట్టండి. వెంటనే కుదరకపోతే సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో పడేయండి, తీరిగ్గా ఒక్కోటీ చూసుకోవచ్చు. మామూలు కాగితం పుస్తకాలు కొంత ఆగగలవు.

8. తరచూ వచ్చే చిక్కులు

*ఒకే పుస్తకం రెండు పేర్లతో వచ్చింది.* బ్రిటన్ ముద్రణకి ఒక పేరు, అమెరికా ముద్రణకి ఇంకో పేరు ఉండటం మామూలే. కొనే ముందు షీట్‌లో రచయిత పేరుతో వెతికి, అధ్యాయాల పేర్లు సరిచూడండి.

*పీడీఎఫ్‌లని ఏం చేయాలి?* అదే షీట్‌లో, ప్రవేశ సంఖ్య ముందు "డి" పెట్టి ఎక్కించండి. ఫైల్ పేరు కూడా ఆ సంఖ్యతోనే మొదలుపెట్టండి.

*మధ్యలో వదిలేశాను, మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?* నంబరు వేసిన చివరి పుస్తకం నుంచి. వెనక్కి వెళ్లి కాలమ్స్ అన్నీ నింపే పని పెట్టుకోకండి, శీర్షిక, రచయిత, కోడ్ నింపుకుంటూ ముందుకెళ్లండి, మిగతావి ఆ పుస్తకం చదివేటప్పుడు నిండుతాయి.

*తీసుకున్నవాళ్లు తిరిగివ్వరు.* ఇచ్చేటప్పుడు వాళ్ల చేతిలో పుస్తకం ఉన్న ఫొటో తీసి వాళ్లకే వాట్సాప్ చేయండి, మొహమాటం లేకుండా. మడత మ్యాపు ఉంటే అది తీసి ఇంట్లో ఉంచి, పుస్తకం మాత్రమే ఇవ్వండి.